తాళం ఎవరి దగ్గర? పెద్దపల్లి ఊర్లకు తీగ వచ్చిన చరిత్ర

ప్రతి యేడాది ఈ పుస్తకంలో పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి బాకీలు, వడ్ల కొనుగోలు లెక్కలు రాసుకుంటున్నాం. ఈసారి ఆ లెక్కలన్నిటి వెనక ఉన్న ఒక డబ్బా గురించి రాయాలనిపించింది. గ్రామ పంచాయతీ ఆఫీసుకు పోయినప్పుడు చూసే ఉంటారు. ఓ మూలకు నిలబెట్టిన, లేదా గోడకు బిగించిన ఇనుప పెట్టె. ముందు అద్దం తలుపు, దానికో చిన్న తాళం, లోపల మిణుకుమిణుకుమనే పచ్చ లైట్లు. కొందరు నెట్ డబ్బా అంటారు, కొందరు ఫైబర్ పెట్టె అంటారు. ఆ పని చేసేటోళ్లు ర్యాక్ అంటారు.

వడ్ల పైసలు పడలేదంటే, లోను ఎక్కలేదంటే, మన వీఓఏ చెల్లె ఏమంటుంది? "సర్వర్ డౌన్ ఉందక్కా" అంటుంది. చాలాసార్లు సర్వర్ హైదరాబాదులో బాగానే ఉంటది. ఆగిపోయింది మన దగ్గరి డబ్బానో, దానికి వచ్చే తీగనో. మనం ఎక్కువగా వాడేది సెల్లు నెట్టే కదా, ఈ డబ్బాతో మనకేం పని అంటారేమో. సెల్ టవర్ కింద కూడా ఇట్లాంటి ర్యాకే ఉంటది. గాలిలో పోయే మాట ఎక్కడో ఒకచోట తీగలోకి దిగాల్సిందే.

మన ప్రాంతంలో తీగ మొదట రైలు పట్టాల వెంట వచ్చింది. కాజీపేట నుంచి బల్లార్షా దాంక రైలు దారి 1929 నాటికి పూర్తయి, ఢిల్లీకి, మద్రాసుకు మధ్య నేరుగా రైళ్లు నడవసాగాయి. పెద్దపల్లి, రామగుండం ఆ దారి మీదివే. పట్టాల పక్కన స్తంభాలు, స్తంభాల మీద తీగలు, స్టేషన్ మాస్టర్ గదిలో టకటకమనే యంత్రం. ఆ తీగ మన ఊర్ల పొలాల పక్క నుంచే పోయింది గానీ ఊర్లోకి రాలేదు. అది రైళ్ల కోసం వేసిన తీగ. ఊరికి ఏదన్నా టెలిగ్రాం వచ్చిందంటే ఎవరో చచ్చిపోయారని ఏడుపు మొదలయ్యేది, చదవక ముందే. ఆ టెలిగ్రాం సేవ 2013 జులైలో దేశమంతటా మూతబడింది.

టెలిఫోన్ సంగతి వేరు. ఇక్కడ జర పక్కకు పోయి ఒక ముచ్చట చెప్పాలి, అది ఆడవాళ్ల ముచ్చట గనుక. ఫోను కొత్తగా వచ్చిన రోజుల్లో ఒకరి తీగను ఇంకొకరి తీగకు చేతితో కలపాలి. అమెరికాలో మొదట ఆ పనికి పిల్లగాండ్లను పెట్టారు. వాళ్లు ఫోన్ చేసినోళ్లతో దురుసుగా మాట్లాడుతుండటంతో 1878 సెప్టెంబర్ 1న బోస్టన్ నగరంలో ఎమ్మా నట్ అనే ఆమెను తీసుకున్నారు. ప్రపంచంలో మొదటి మహిళా టెలిఫోన్ ఆపరేటర్ ఆమెనే. ఆ తర్వాత కొన్ని తరాలు ఆ పని ఆడవాళ్లదే అయింది. మన దేశంలోనూ ఎక్స్ఛేంజీల్లో "నంబర్ ప్లీజ్" అన్న గొంతుల్లో ఆడవాళ్ల గొంతులు మస్తుగా ఉండేవి.

అదే అమెరికాలో శవాలను సాగనంపే పని చేసే స్ట్రౌజర్ అనే ఆయన ఉండేవాడు. పోటీ వ్యాపారి ఇంటామె ఎక్స్ఛేంజీలో కూచొని తనకు రావాల్సిన కాల్స్ తన వాళ్లకే కలుపుతున్నదని ఆయనకు అనుమానం. ఆ కోపంతోనే మనిషి చెయ్యి లేకుండా ఫోన్ కలిపే యంత్రం తయారు చేశాడని కథగా చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమైనా, 1891లో ఆయనకు పేటెంటు వచ్చింది నిజం. యంత్రాలు వచ్చిన కొద్దీ ఆ కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఆ యంత్రాలను బిగించే పని, బాగుచేసే పని మాత్రం ఆడవాళ్ల చేతికి రాలేదు. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకొని ముందుకు చదవండి.

మన దిక్కు ట్రంకు కాల్ రోజులు పెద్దోళ్లకు యాదికుంటాయి. పోస్టాఫీసుకు పోయి నంబర్ రాయించి, బండ మీద కూచొని ఎదురు చూసుడు. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు రకాల రేట్లు. మన పాత కరీంనగర్ జిల్లా నుంచి మగవాళ్లు బొంబాయికి, భీవండికి, ఆ తర్వాత దుబాయికి, మస్కట్‌కు పోయిన కాలం అది. మొగని గొంతు వినాలంటే ఆర్నెల్లకోసారి వచ్చే క్యాసెట్టే దిక్కు. టేప్‌రికార్డర్ ముందు ఇంటిల్లిపాది కూచొని వినేటోళ్లు. మళ్లా అదే క్యాసెట్‌లో పిల్లల మాటలు నింపి, ఊరి నుంచి పోయే ఇంకొకరి చేతికిచ్చి పంపేటోళ్లు.

1984 ఆగస్టులో కేంద్ర సర్కారు సీ-డాట్ అనే సంస్థను పెట్టింది. బయటి దేశాల ఎక్స్ఛేంజీలకు ఏసీ గది కావాలి, దుమ్ము తగలొద్దు. మన ఊర్లల్ల అవి నడవవు. సీ-డాట్ వాళ్లు ఏసీ లేకున్నా ఎండకు తట్టుకునే, 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజీ చేశారు. మొదటిది 1986లో కర్ణాటకలోని కిట్టూరులో బిగించారు. ఇంట్లోని బీరువాకంటే పెద్దది కాదు. ఊర్లకు ఫోన్ వచ్చిందంటే ఆ పెట్టె చలువే. దానితోపాటు పసుపుపచ్చ బోర్డుల ఎస్టీడీ బూతులు వచ్చాయి. దుబాయి నుంచి ఫలానా రోజు, ఫలానా టైంకు ఫోన్ వస్తదని కబురందితే, పొద్దుమూకి బూతు ముందు కూచునేది మన అత్తమ్మలే.

1994 టెలికాం విధానంలో 1997 కల్లా ప్రతి ఊరికీ ఫోన్ అని రాసుకున్నారు. తీగ వేయలేని చాలా ఊర్లకు రేడియోతో నడిచే ఎంఏఆర్ఆర్ ఫోన్లు ఇచ్చారు. ఒక కడ్డీ, ఒక యాంటెన్నా, ఒక బ్యాటరీ. దేశమంతటా వాటికి చెడ్డపేరే మిగిలింది. బ్యాటరీ పోతే చూసే దిక్కు లేక మూలకు పడ్డాయి. ఇంకొక సంగతీ ఉంది, అది ఎవరూ రాయరు. ఊరికొక్క ఫోన్ అంటే ఊరిలో ఒక్కరి ఇంట్లో ఫోన్ అన్నట్టే. ఆ ఇల్లు ఎవరిదైతే వాళ్ల గల్మ దాటి పోవాలి. పోగలిగినోళ్లే పోయారు. బూతు వచ్చినంక పైసలిచ్చినోళ్లందరికీ ఫోన్ దొరికింది. అందుకే మా లెక్కలో సర్కారు ఇచ్చిన ఫోన్‌కంటే పసుపు బోర్డు బూతే ఎక్కువ మందికి అక్కరకొచ్చింది.

రాగి తీగల కాలంలో పని ఎట్ల ఉండేదో కొంచెం చెప్పాలి, ఎందుకంటే దాని గుర్తులు ఇప్పటి డబ్బాలోనూ ఉన్నాయి. ఎక్స్ఛేంజీ నుంచి లావు కేబుల్ భూమిలో వచ్చేది. కందకం తవ్వింది కూలీలు, గడ్డపార, పార, తట్టతో. ఈ తవ్వకాలకు దేశమంతటా పేరుబడ్డది పాలమూరు లేబర్. మగడు తవ్వితే భార్య మన్ను ఎత్తిపోసేది. చంకలో పిల్ల ఉంటే చెట్టు కొమ్మకు చీర ఉయ్యాల కట్టేది. దేశంలో ఫోన్ తీగ కింద ఆడవాళ్ల చెమట ఉందంటే అది మాటవరసకు కాదు. కానీ కందకంలో కేబుల్ పడ్డంక, దాన్ని కోసి జోడించే జాయింటరు దగ్గరికి వచ్చేసరికి ఆడమనిషి కనిపించదు.

ఆ కేబుల్‌లో వందల జతల సన్న తీగలు. ఏది ఎవరిదో తెలిసేది రంగును బట్టే. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద రంగులు ఒక వైపు. తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా రంగులు ఇంకో వైపు. వీటిని జత కలిపితే ఇరవై అయిదు గుర్తులు. జాయింటర్లకు ఈ వరుస నోటికి ఉండేది. ఈ వరుసలోని మొదటి నాలుగు రంగులు, నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, ఇప్పటి కంప్యూటర్ నెట్ తీగలోనూ ఉన్నాయి. గాజు ఫైబర్‌లోనూ మొదటి నాలుగు పోగులకు అవే రంగులు. రాగి పోయినా రంగుల వరుస పోలేదు.

2004 అక్టోబర్‌లో వచ్చిన బ్రాడ్‌బ్యాండ్ విధానం 256 కేబీపీఎస్ దాటితే బ్రాడ్‌బ్యాండ్ అన్నది. మరుసటి జనవరిలో బీఎస్ఎన్ఎల్ అదే రాగి తీగ మీద నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఎక్స్ఛేంజీలో డీస్లామ్ అనే కొత్త పెట్టెను ర్యాక్‌లో బిగించి, ఫోన్ మాటను, నెట్‌ను వేరుచేసేటోళ్లు. ఎక్స్ఛేంజీ నుంచి మూడు నాలుగు కిలోమీటర్లు దాటితే వేగం పడిపోయేది. పట్టణాల్లో ఉన్నోళ్లకు నెట్ వచ్చింది. ఊర్లు అప్పటికీ బయటనే. ఆ తర్వాత ఊర్లకు సెల్లు వచ్చింది, రాగి కేబుల్‌ను దొంగలు తవ్వుకుపోయారు.

2011 మన సంఘాలకు గుర్తుండే యేడాది. ఆ యేడు రెండు పనులు మొదలయ్యాయి. ఒకటి స్త్రీనిధి. సెల్లులో మీటలు నొక్కి లోను అడిగితే 48 గంటల్లో ఖాతాలో పైసలు వేయాలని పెట్టుకున్నారు. అంతకు ముందు ఫైలు పట్టుకొని బ్యాంకు చుట్టూ తిరిగిన మనకు అది నమ్మరాని సంగతి. రెండోది, అక్టోబర్ 25న కేంద్ర మంత్రివర్గం రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు గాజు తీగ వేయాలని తీర్మానించింది. మొదట దాని పేరు ఎన్ఓఎఫ్ఎన్, తర్వాత భారత్‌నెట్. పంచాయతీకి 100 ఎంబీపీఎస్ ఇవ్వాలని లక్ష్యం. ఈ రెండు పనులకు ఒకదానికొకటి సంబంధం ఉందని అప్పట్లో ఎవరికీ తోచలేదు. పైసలు తీగ మీద వచ్చుడు మొదలైతే, తీగ తెగితే పైసలు ఆగుతాయి.

గాజు తీగ అంటే ఏంది? వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఈ గాజు పోగు పై పొరతో కలిపి 125 మైక్రాన్లు, నడుమ వెలుగు పోయే దారి మాత్రం 9 మైక్రాన్లే. గాజులో నుంచి వెలుగును మైళ్ల దూరం పంపొచ్చని 1966లో చార్లెస్ కావో లెక్కలు వేసి చూపాడు. 2009లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ వెలుగు కంటికి కనిపించదు. అందుకే తెగిన పోగు కొసను కంటి దగ్గర పెట్టి చూడొద్దు. పిల్లలకు కూడా చెప్పాలి, ఇది ఆటవస్తువు కాదు.

మన రాష్ట్రం ఇందులో ఒక తెలివైన పని చేసింది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో మిషన్ భగీరథ మొదలైంది. ప్రతి ఊరికీ నీళ్ల పైపు పోవాలంటే ప్రతి ఊరికీ కందకం తవ్వాలి. అదే కందకంలో ఫైబర్ కోసం ప్లాస్టిక్ గొట్టం కూడా వేస్తే మళ్లా తవ్వే పని తప్పుతుంది. ఆ గొట్టాన్ని డక్ట్ అంటారు. తర్వాత కంప్రెసర్ గాలితో కేబుల్‌ను ఊదుకుంటూ లోపలికి పంపుతారు. టీ-ఫైబర్ అనే రాష్ట్ర సంస్థ భారత్‌నెట్ రెండో దశ పనిని మన రాష్ట్రంలో చేపట్టింది. అదే యేడు అక్టోబర్ 11న మన పెద్దపల్లి జిల్లా అయింది. నీళ్ల కోసం తవ్వుతున్నారని మన వాకిళ్ల ముందు మనం చూసిన కందకాల్లో నల్లా పైపు పక్కన ఆ గొట్టం కూడా ఉంది. ఇందులో ఒక చిక్కూ ఉంది. నల్లా పైపు లీకైతే తవ్వే గడ్డపార, మోరీ పనికి వచ్చే జేసీబీ ఆ గొట్టాన్ని చూసుకోవు. ఫైబర్ కేబుల్‌కు 1.65 మీటర్ల లోతు ఉండాలని బీఎస్ఎన్ఎల్ పద్ధతి. లోతు తగ్గిన చోటల్లా తీగ తెగే భయం ఉంటది.

ఇక డబ్బా దగ్గరికి వద్దాం. ఈ ర్యాక్ వెడల్పు ప్రపంచమంతటా ఒక్కటే, 19 అంగుళాలు. వందేండ్ల కింద అమెరికా టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఏర్పాటైన కొలత అది. ఎత్తును యూ అనే లెక్కలో కొలుస్తారు. ఒక యూ అంటే ఒకటీ ముప్పావు అంగుళం. ఏ దేశంలో, ఏ కంపెనీ చేసిన పెట్టె అయినా ఈ కొలతలో ఉంటే ఈ అల్మరాలో కూచుంటది. సోలలో, తవ్వలో కొలిచే అమ్మలకు కొలత ఒక్కటిగా ఉండుడు ఎంత పెద్ద సంగతో విడమరచి చెప్పక్కరలేదు.

బిగించే పద్ధతి బతుకమ్మ పేర్చినట్టే ఉంటది. బరువు కిందికి పోవాలి. బ్యాటరీ, యూపీఎస్ అడుగున. బయటి నుంచి వచ్చిన ఫైబర్‌ను విప్పి పోగులు పరిచే ట్రే సాధారణంగా పైన. నడుమ రూటరో, స్విచ్చో. పెట్టెకు పెట్టెకు నడుమ గాలాడే సందు వదలాలి, లేకపోతే మన ఎండాకాలంలో కాగి ఆగిపోతాయి. కరెంటు తీగలు ఒక పక్క, నెట్ తీగలు ఇంకో పక్క. రెండూ కలిపి ముడేయొద్దు. ఫైబర్‌ను వైరులా మడిచి లాగొద్దు, గుండ్రంగా వదులుగా చుట్టాలి. బిగించి కడితే లోపల గాజు నలిగి వెలుగు కారిపోతుంది. ప్రతి తీగకు రెండు కొసలా చీటీ అంటించాలి, ఎక్కడి నుంచి ఎక్కడికో రాసి. ఈ చీటీ లేని ర్యాక్‌లో గంట పని పూట పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం ఎర్తింగు. తొలకరి పిడుగులకు ఎన్ని టీవీలు, మోటార్లు కాలిపోయాయో మనకు తెలుసు. డబ్బాకు ఇంత లావు ఆకుపచ్చ తీగ కట్టి, బయట ఉప్పు, బొగ్గు పోసిన గుంతలోకి దింపకపోతే ఒక్క పిడుగుతో లక్షల సామాను పోతుంది.

తెగిన ఫైబర్‌ను అతికే పని చూడాల్సిందే. పై తొడుగు ఒలుస్తారు, స్పిరిటు లాంటి మందుతో తుడుస్తారు, కొసను నిలువుగా కోస్తారు. రెండు కొసలను స్ప్లైసింగ్ మెషిన్‌లో ఎదురెదురుగా పెడితే చిన్న మెరుపుతో కరిగి ఒక్కటవుతాయి. మీద ఒక గొట్టం తొడిగి వేడి చేస్తారు. మొత్తం కొన్ని నిమిషాల పని. బలం అక్కర్లేదు. నిదానం కావాలి, వేళ్లు కుదురుగా ఉండాలి. ఆకు కత్తిరించి, పొగాకు నింపి, దారం చుట్టి రోజుకు వందల బీడీలు చేసిన చేతులు మన జిల్లాలో ఇంటింటికీ ఉన్నాయి. బీడీ గిరాకీ తగ్గి ఆ చేతులు ఖాళీగా ఉన్నాయి కూడా. ఇది మగవాళ్ల పని అని ఎవరు చెప్పారు? కందకం తవ్వే కాలంలో మొద్దు పని మనకు ఇచ్చి, సన్న పని వాళ్లు ఉంచుకున్నారు. ఇప్పుడు కందకం జేసీబీ తవ్వుతున్నది, సన్న పని ఒక్కటే మిగిలింది.

2020 సెప్టెంబర్ 1 నుంచి సర్కారు బడి పిల్లలకు టీవీలో, ఫోన్లో పాఠాలు మొదలైనప్పుడు ఈ తీగ విలువ ఇండ్లల్ల తెలిసింది. పిల్లలు సిగ్నల్ కోసం బంగ్లాలెక్కారు, గుట్టలెక్కారు. పంచాయతీ ఆఫీసు దాంక ఫైబర్ వచ్చిన ఊర్లల్లనూ అదే కథ, ఎందుకంటే అది ఆఫీసు తలుపు దాటి ఇండ్లకు రాలేదు. పాత రోజుల్లో ఒక్కరి ఇంట్లో ఉన్న ఫోన్ లెక్కనే ఇప్పుడు ఒక్క గదిలో నెట్. గదికి తాళం, డబ్బాకు ఇంకో తాళం. సెక్రటరీ సారు ఊర్లో లేకపోతే రెండూ తెరుచుకోవు. కరెంటు పోయి వచ్చినంక ఒక్క స్విచ్ మళ్లా వేస్తే నడిచే డబ్బా రోజుల తరబడి ఆగి ఉండొచ్చు. వేసేటోళ్లు లేక.

ఇండ్లకు ఇచ్చే పని మన జిల్లాలోనే మొదలు కావడం సంతోషమే. 2024 డిసెంబర్ 8న టీ-ఫైబర్ సేవలను ప్రయోగంగా మొదలుపెట్టిన కొద్ది ఊర్లలో మన ముత్తారం మండలం అడవి శ్రీరాంపూర్ ఒకటి. సంగారెడ్డి జిల్లా సంగుపేట, నారాయణపేట జిల్లా మద్దూరు కూడా అందులో ఉన్నాయి. ఇంటికి 20 ఎంబీపీఎస్ నెట్, దాని మీదనే టీవీ, ఫోన్. టీవీనే కంప్యూటర్ లెక్క వాడుకోవచ్చు. 2005లో బ్రాడ్‌బ్యాండ్ అని పిలిచిన 256 కేబీపీఎస్‌తో పోలిస్తే ఇది దాదాపు ఎనభై రెట్లు.

రాష్ట్రంలో 12 వేలకు పైగా పంచాయతీలు. ప్రతి పంచాయతీ నుంచి ఇండ్లకు తీగ లాగాలి, ఇంట్లో చిన్న పెట్టె బిగించాలి, తెగితే అతకాలి, నెలనెలా బిల్లు వసూలు చేయాలి. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్‌లో ఇండ్లకు కనెక్షన్లు ఇచ్చి చూసుకునే పనికి ఊరి మనుషులనే ఉద్యమి పేరుతో తీసుకోవాలని ఉంది. ఇందిరా మహిళా శక్తి కింద మన సంఘాలు క్యాంటీన్లు నడుపుతున్నాయి, ఆర్టీసీకి బస్సులు కిరాయికి ఇస్తున్నాయి, సోలార్ ప్లాంట్లకు కూడా ముందుకొచ్చాయి. ఇంటింటికీ పోయి వసూలు చేయడంలో, రిజిస్టర్ రాయడంలో మనకు ఇరవై ఏండ్ల అలవాటు. ఊర్లోకి ఏ తీగ వచ్చినా దాని కొస ఎవరో ఒకరి చేతిలో ఆగుతూ వచ్చింది. ఈసారి ఆ చెయ్యి గ్రామ సంఘానిది కావాలని మేం అడుగుతున్నాం. డబ్బా తాళం చెవి ఒకటి పంచాయతీలో, ఒకటి గ్రామ సంఘంలో ఉండాలి. మండలానికి ఇద్దరు ముగ్గురు చెల్లెళ్లకు అతుకు పని, ర్యాక్ పని నేర్పించాలి.

అప్పటిదాంక ఎవరైనా ఇప్పుడే చేయగల పని ఒకటుంది. ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంట్లోని చిన్న పెట్టె మీద పాన్ అని రాసిన లైటు పచ్చగా నిలకడగా వెలిగితే బయటి తీగ బాగున్నట్టు. ఎల్ఓఎస్ అని రాసిన లైటు ఎర్రగా కొట్టుకుంటే వెలుగు ఇంటి దాంక రావడం లేదన్నట్టు, తీగ ఎక్కడో తెగింది లేదా నలిగింది. లైట్లు అసలే లేకపోతే కరెంటు చూసుకోవాలి. ఫోన్ చేసి "నెట్ వస్తలేదు" అంటే వచ్చే మనిషి ఉత్త చేతులతో వస్తాడు. "ఎల్ఓఎస్ ఎర్రగా కొట్టుకుంటున్నది" అని చెప్తే అతికే మెషిన్ పట్టుకొని వస్తాడు.